కోనసీమ క్యాలెండర్: మంటొస్తేనే బ్రేకింగ్.. మరి మధ్యలో ఏళ్ల సంగతేంటి? 1945 నుంచి ఇప్పటిదాకా ఏ ఏడాది ఏం జరిగిందంటే..

కోనసీమ అనగానే ఫోన్‌లో రెండే రకాల వీడియోలు కనిపిస్తాయి. ఒకటి.. డ్రోన్‌తో తీసిన కొబ్బరి తోటలు, కాలువ గట్లు, పూతరేకులు. రెండోది.. మంటలు, వరద, పరుగులు పెడుతున్న జనం. ఈ రెండింటికీ మధ్యలో ఉన్న కోనసీమ మాత్రం స్క్రీన్ మీదకు పెద్దగా రాదు.

2026 జనవరి 5న మలికిపురం మండలం ఇరుసుమండలో ఓఎన్జీసీ మోరి-5 బావి నుంచి గ్యాస్ ఎగజిమ్మి మంటలు లేచాయి. చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించారు. ఆ వీడియోలు చూసిన పాతతరం వాళ్లకు వెంటనే గుర్తొచ్చిన పేరు పాశర్లపూడి. ఆ తర్వాతి తరానికి గుర్తొచ్చిన పేరు నగరం. తేదీలు చూస్తే ఇంకా ఆశ్చర్యం. పాశర్లపూడి బ్లోఅవుట్ మొదలైంది 1995 జనవరి 8న. సరిగ్గా 31 ఏళ్లకు, అదే వారంలో, అదే సీమలో మళ్లీ మంట!

అసలు ఈ 80 ఏళ్లలో కోనసీమ ఎప్పుడెప్పుడు వార్తల్లోకి వచ్చింది? ఆ ఏడాది రాజకీయం ఏంటి? జనం ఏ సినిమా గురించి మాట్లాడుకుంటున్నారు? హెడ్‌లైన్ వెళ్లిపోయాక ఏం మిగిలింది? ఏడాది వారీగా చూద్దాం.

1942–1956: బాంబు భయం నుంచి కొత్త రాష్ట్రం దాకా

రెండో ప్రపంచ యుద్ధం ఎక్కడో జరిగింది అనుకుంటాం. కానీ 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖతో పాటు కాకినాడ మీద కూడా బాంబులు వేశాయి. గోదావరి డెల్టా జనానికి యుద్ధం అంటే ఏంటో ఆ రోజు తెలిసింది. 1945లో యుద్ధం ముగిసింది. 1947లో స్వాతంత్ర్యం. 1948లో మద్రాసు ప్రభుత్వం జమీందారీల రద్దు చట్టం తెచ్చింది. కోనసీమ అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనే ఉంది.

1952 డిసెంబర్ 15న పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్. తెలుగువాళ్ల రాజకీయ క్యాలెండర్‌లో ఇవి పెద్ద తేదీలు. కానీ కొత్త రాష్ట్రం ఇంకా పుట్టకముందే, అదే 1953 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది. అంటే కొత్త రాష్ట్రానికి గోదావరి జిల్లాలు మొదట ఇచ్చిన దరఖాస్తు వరద గట్లే. ఆ దరఖాస్తు ఇప్పటికీ ఫైల్‌లో తిరుగుతూనే ఉంది!

1967: సాక్షి.. పులిదిండి స్క్రీన్ మీదకు వచ్చిన ఏడాది

1964లో మూగ మనసులు గోదావరిని తెలుగు ప్రేక్షకుడి మనసులో పెట్టేసింది. 1967లో బాపు తన మొదటి సినిమా సాక్షి తీశారు. షూటింగ్ స్టూడియోలో కాదు, ఆత్రేయపురం దగ్గర పులిదిండి ఊళ్లో. కృష్ణ, విజయనిర్మల జంట. సెట్టింగ్‌లు వేయకుండా ఊరినే సెట్టింగ్ చేసుకోవడం అప్పటికి కొత్త.

అక్కడి నుంచి కోనసీమకు ఒక ఇమేజ్ ఖాయమైంది. పచ్చదనం కావాలా.. కోనసీమ. పెంకుటిల్లు, అరుగు, కాలువ, పడవ కావాలా.. కోనసీమ. ఆ ఇమేజ్ వల్ల పర్యాటకం, పేరు వచ్చాయి. ఇక్కడ అంతా బాగానే ఉంటుందిలే అనే భ్రమ కూడా వచ్చింది.

1975: ఎమర్జెన్సీ.. ముత్యాల ముగ్గు.. మామిడికుదురు కవి

1975 అనగానే దేశానికి గుర్తొచ్చేది ఎమర్జెన్సీ. తెలుగువాళ్లకు ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో జరిగిన మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు కూడా గుర్తొస్తాయి. సినిమా జనానికైతే బాపు రమణల ముత్యాల ముగ్గు, అందులో రావు గోపాలరావు కాంట్రాక్టర్ పాత్ర.

అదే ఏడాది కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తెలుగులో బోయి భీమన్నకు వచ్చింది. ఆయన పుట్టింది మామిడికుదురులో, పేద దళిత కుటుంబంలో. అవార్డు పొందిన కవితా సంపుటి పేరు 'గుడిసెలు కాలిపోతున్నాయి'. కొబ్బరి తోటల పోస్టర్ వెనక ఇంకో కోనసీమ ఉందని ఆ పేరే చెప్పేసింది. ఈ మామిడికుదురు పేరు గుర్తుపెట్టుకోండి. పాశర్లపూడి, నగరం.. ఈ రెండు పేర్లూ ఆ మండలానివే.

1986: 35 లక్షల క్యూసెక్కులు

1982లో తెలుగుదేశం పుట్టింది. అదే ఏడాది ధవళేశ్వరంలో పాత ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజీ పూర్తయింది. 1983లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి, కపిల్ దేవ్ చేతిలో వరల్డ్ కప్. ఊపు మీదున్న రోజులవి.

1986 ఆగస్టులో గోదావరి ఆ ఊపును ఆపేసింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75 అడుగులు దాటింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చింది. ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. గట్లు తెగి లంకలు మునిగాయి. అప్పట్లో లైవ్ లేదు. రేడియో, పేపరు, నోటి మాట.. అంతే. పక్క ఊళ్లో ఏం జరిగిందో తెలియడానికి రోజులు పట్టేది.

విచిత్రం ఏంటంటే, తెలుగులో తొలి 70 ఎంఎం సినిమా సింహాసనం వచ్చింది ఆ ఏడాదే. వంశీ గోదావరి పల్లెల్లో తీసిన లేడీస్ టైలర్ కూడా ఆ ఏడాదిదే. ఆ ఏడాది తలచుకుంటే ఇప్పటి ప్రేక్షకుడికి లేడీస్ టైలర్ కామెడీ గుర్తొస్తుంది. లంకల్లో వాళ్లకు మాత్రం గోడ మీద నీటి గీత గుర్తొస్తుంది.

1995: 65 రోజుల మంట

1994 డిసెంబర్‌లో ఎన్టీఆర్ బ్రహ్మాండమైన మెజారిటీతో తిరిగి వచ్చారు. నెల తిరగకుండానే, 1995 జనవరి 8న, పాశర్లపూడి-19 బావిలో డ్రిల్లింగ్ జరుగుతుండగా బ్లోఅవుట్. భూమి లోపలి గ్యాస్ అదుపు తప్పి పైకి తన్ని, నిప్పు అంటుకుంది. అమెరికా నుంచి నిపుణులను రప్పించారు. మార్చి 15కి గానీ ఆరలేదు. మొత్తం 65 రోజులు.

రాత్రి లేకుండా పోయిన రోజులవి అని కోనసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ వెలుగు అంత దూరం కనిపించేది. కానీ ఆ 65 రోజుల్లో తెలుగులో 24 గంటల న్యూస్ చానల్ ఒక్కటి కూడా లేదు. ఈటీవీ మొదలైందే ఆ ఏడాది ఆగస్టు 27న. అదే వారంలో తెలుగుదేశం చీలిక, సెప్టెంబర్ 1న చంద్రబాబు ప్రమాణ స్వీకారం. ఏడాది చివర్లో 1995 అంటే ఏంటని అడిగితే జనం చెప్పింది రెండే.. వైస్రాయ్ హోటల్, పెదరాయుడు.

పాశర్లపూడి నేర్పాల్సిన పాఠం ఒకటుంది. గ్యాస్ తవ్వే ఊరికీ, గ్యాస్ వాడుకునే ఊరికీ రిస్క్ ఒకేలా ఉండదు. కరెంటు దూరంగా ఎక్కడో వెలుగుతుంది, ప్రమాదం మాత్రం బావి పక్కనే ఉంటుంది. ఆ లెక్క ఎవరు సరిచేయాలన్న చర్చ మంటతో పాటే ఆరిపోయింది.

1996: కొబ్బరి చెట్టు లెక్క వేరు

1996 నవంబర్ 6 రాత్రి తుపాను కాకినాడకు దక్షిణాన తీరం దాటింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. వేటకు వెళ్లిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్ల పేర్లు అప్పుడే రాష్ట్రమంతా విన్నది. ఢిల్లీలో దేవెగౌడ ప్రభుత్వం. థియేటర్లలో నిన్నే పెళ్లాడతా ఇంకా ఆడుతోంది.

ఇక్కడ ఒక విషయం. వరి పోతే వచ్చే పంటకు కోలుకోవచ్చు. కొబ్బరి అలా కాదు. మొక్క నాటితే కాపు రావడానికి ఐదారేళ్లు, నిండు కాపుకు ఇంకా ఎక్కువ. అంటే 1996లో చెట్టు పడిపోయిన రైతుకు ఆ తుపాను 2000 దాటాక కూడా కొనసాగినట్టే. పరిహారం ఒక్కసారి వస్తుంది. నష్టం మాత్రం ప్రతి ఏడాదీ వస్తుంది. వార్త మాత్రం నవంబర్‌తోనే అయిపోయింది.

1998–2002: స్పీకర్ కుర్చీలో కోనసీమ

కోనసీమ మంట, నీరు లేకుండా దేశం నోట్లో నానిన ఏళ్లు ఇవే. ఎదుర్లంకకు చెందిన జీఎంసీ బాలయోగి 1998 మార్చి 24న లోక్‌సభ స్పీకర్ అయ్యారు. ఆ పదవిలో తొలి దళితుడు ఆయనే. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం ఒకే ఒక్క ఓటుతో పడిపోయింది. అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్ ఎంపీగా ఓటేయొచ్చా లేదా అనే వివాదంలో, ఆ నిర్ణయాన్ని గమాంగ్ మనస్సాక్షికే వదిలేసింది స్పీకర్ బాలయోగే. 269–270.. ఆ అంకె ఇప్పటికీ పొలిటికల్ క్విజ్‌లలో ఉంటుంది.

2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన చనిపోయారు. యానాం–ఎదుర్లంక వంతెనకు ఆయన పేరే పెట్టారు. కోనసీమ జనానికి వంతెన అంటే మామూలు విషయం కాదు. పంటు కోసం గట్టు మీద ఎదురుచూసిన వాళ్లకే ఆ విలువ తెలుస్తుంది. 2024లో ఆయన కుమారుడు హరీష్ మాధుర్ అమలాపురం నుంచే ఎంపీగా గెలిచారు.

2011: విత్తనం వేయం అన్నారు

2004లో టీవీ9 వచ్చింది. ఆ తర్వాత తెలుగు ఇంట్లో న్యూస్ ఆగలేదు. 2011లో స్క్రోలింగ్ నిండా వార్తలే. ఏప్రిల్‌లో ధోనీ సిక్సర్‌తో వరల్డ్ కప్. సెప్టెంబర్‌లో సకల జనుల సమ్మె, అదే నెలలో దూకుడు.

ఆ ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. క్రాప్ హాలిడే! సుమారు లక్ష ఎకరాల్లో వరి వేయలేదు. నీళ్లు లేక కాదు. నీళ్లున్న డెల్టాలోనే పొలం ఖాళీగా వదిలేశారు. మద్దతు ధర చాలదు, కూలి పెరిగింది, డ్రెయిన్లు పూడిపోయి పొలాల్లో నీరు నిలుస్తోంది.. ఇవీ వాళ్ల కారణాలు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. దేశం మొత్తం ఆశ్చర్యపోయి చూసింది. కానీ టీవీకి ఒక ఇబ్బంది. ఖాళీ పొలానికి విజువల్ ఉండదు. మంట ఉంటే గంటసేపు చూపించొచ్చు, ఖాళీ పొలాన్ని ఎంతసేపు చూపిస్తారు?

2014: నగరం.. ఆ తెల్లవారుజామున అసలేం జరిగింది?

పేరుకే నగరం. ఊరు మాత్రం మామిడికుదురు మండలంలోని పల్లె. 2014 జూన్ 27, శుక్రవారం. రాష్ట్రం విడిపోయి నెల కూడా కాలేదు. చంద్రబాబు ప్రమాణ స్వీకారం చేసి 19 రోజులు. రాజధాని ఎక్కడన్నదే పెద్ద చర్చ. థియేటర్లలో మనం, టీవీల్లో బ్రెజిల్ ఫుట్‌బాల్ వరల్డ్ కప్.

తెల్లవారుజామున గెయిల్ పైప్‌లైన్ నుంచి గ్యాస్ లీకై ఊరి మీద పొగమంచులా పరుచుకుంది. టీ కొట్టు దగ్గర పొయ్యి వెలిగించడంతో ఒక్కసారిగా అంటుకుందని అప్పట్లో వార్తలొచ్చాయి. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే.. పరిగెత్తినవాళ్లు రోడ్డు మీదే. మృతుల సంఖ్య 20 దాటింది. ఇళ్లు, దుకాణాలు, కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. గ్యాస్ వాసన వస్తోందని ముందే చెప్పామని స్థానికులు మీడియా ముందు మొత్తుకున్నారు.

దేశమంతా లైవ్ చూసింది. కేంద్ర మంత్రి వచ్చారు, ముఖ్యమంత్రి వచ్చారు. గెయిల్ నుంచి 20 లక్షలు, రాష్ట్రం నుంచి 3 లక్షలు, ప్రధాని సహాయ నిధి నుంచి 2 లక్షలు.. మొత్తం 25 లక్షల పరిహారం అన్నారు.

కారణం ఏంటి? దర్యాప్తులో బయటపడింది బాంబు కాదు, కుట్ర కాదు. తుప్పు! తాటిపాక నుంచి కొండపల్లి వైపు ల్యాంకో పవర్ ప్లాంట్‌కు గ్యాస్ వెళ్లే ఆ లైన్ పొడి గ్యాస్ కోసం ఉద్దేశించింది. కానీ అందులో నీరు, ఇతర ద్రవాలు కలిసిన తడి గ్యాస్ వెళ్లింది. తేమ తీసే యూనిట్ పెట్టలేదు. గ్యాస్‌లో నీరుంటే అది పైపు అడుగున చేరుతుంది, అందులో కార్బన్ డయాక్సైడ్ కరిగి పలుచని ఆమ్లంలా తయారవుతుంది, లోపలి నుంచి ఉక్కును తినేస్తుంది. పైకి ఏమీ కనిపించదు. ఏళ్లు పడుతుంది. ఒక రోజు చిల్లు పడుతుంది.

నగరం మనకు చెప్పేది ఇదే. జూన్ 27 ఉదయం జరిగింది పేలుడు మాత్రమే. ప్రమాదం అంతకుముందు చాలా ఏళ్ల నుంచి జరుగుతూనే ఉంది. ఆ ఏళ్లలో ఏ క్యాలెండర్‌లోనూ నగరం పేరు లేదు. ఎందుకంటే పైపు తుప్పు పట్టడం బ్రేకింగ్ న్యూస్ కాదు కాబట్టి.

2017–2019: సంక్రాంతి సినిమా.. ఒకే ఒక్క సీటు

2017 సంక్రాంతికి శతమానం భవతి వచ్చింది. ఆత్రేయపురం నేపథ్యం, పిల్లల కోసం ఎదురుచూసే పెద్దవాళ్లు. జాతీయ అవార్డు కూడా అందుకుంది. ఆ సినిమా అంతగా కనెక్ట్ కావడానికి కారణం ఉంది. గల్ఫ్‌కు, హైదరాబాద్‌కు, అమెరికాకు వెళ్లిపోయిన పిల్లలు కోనసీమలో ఇంటింటి కథ. 2019 ఎన్నికల్లో పవన్ కళ్యాణ్ పోటీ చేసిన రెండు చోట్లా ఓడిపోయారు. జనసేన గెలిచింది ఒకే ఒక్క సీటు. అది రాజోలు.

2022: నాలుగు నెలల్లో మూడు సార్లు

ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా పుట్టింది. దశాబ్దాల కోరిక తీరింది. థియేటర్లలో ఆర్ఆర్ఆర్ ఊపు. మే 18న జిల్లాకు డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ పేరు పెడుతూ ప్రాథమిక నోటిఫికేషన్. మే 24న అమలాపురంలో నిరసన హింసగా మారింది. మంత్రి పినిపే విశ్వరూప్, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇళ్లకు నిప్పు పెట్టారు. 144 సెక్షన్, రోజుల తరబడి ఇంటర్నెట్ బంద్. 1986లో కబురు తెలియడానికి ఫోన్ లేదు. 2022లో చేతిలో ఫోన్ ఉన్నా సిగ్నల్ లేదు!

జూన్‌లో క్యాబినెట్ అంబేడ్కర్ పేరును ఖరారు చేసింది. అదే నెలలో కొన్ని మండలాల్లో రైతులు మళ్లీ క్రాప్ హాలిడే అన్నారు. జులైలో గోదావరికి మళ్లీ భారీ వరద, భద్రాచలంలో 71 అడుగులు. ఈ మూడింటిలో దేశం గుర్తుపెట్టుకున్నది మే 24 ఒక్కటే. 1975లో బోయి భీమన్న పుస్తకం పేరులో ఉన్న ప్రశ్నకు, 2022లో జరిగినదానికి మధ్య 47 ఏళ్లున్నాయి. ఆ మధ్య ఏళ్లలో కులాల మధ్య మాట ఎలా నడిచింది, ఎక్కడ ఆగింది అన్నదాని మీద ఎంత చర్చ జరిగింది? సమాధానం అందరికీ తెలిసిందే.

తర్వాతి ఏడాది, 2023 జనవరి 26న, ఢిల్లీ కర్తవ్యపథ్ మీద ఏపీ శకటంగా జగ్గన్నతోట ప్రభల తీర్థం వెళ్లింది. ఆ జూన్‌లో ఆత్రేయపురం పూతరేకులకు జీఐ ట్యాగ్ దక్కింది. మళ్లీ పోస్టర్ కోనసీమ!

2024–2025: కల్కి రోజు.. దిష్టి రోజు

2024 జూన్ 27. సోషల్ మీడియా నిండా ఒకటే పేరు.. కల్కి 2898 ఏడీ. రిలీజ్ డే. అదే రోజుకు నగరం పేలుడుకు పదేళ్లు నిండాయి. ఎవరి తప్పూ కాదు, తేదీ అలా కలిసింది. కానీ ఆ రోజు ట్రెండింగ్‌లో నగరం ఎక్కడుందో ఊహించడం కష్టం కాదు.

2025 నవంబర్‌లో ఇంకో ఉదాహరణ. రాజోలు నియోజకవర్గం కేశనపల్లిలో ఎండిపోయిన కొబ్బరి తోటలు చూడటానికి ఉప ముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ వెళ్లారు. సమస్య శంకరగుప్తం డ్రెయిన్‌ది. పోటు సమయంలో సముద్రపు నీరు డ్రెయిన్‌లోకి ఎగదన్ని, తోటల్లోకి ఉప్పు చేరి, చెట్టు మొవ్వుతో సహా ఎండిపోతోంది. అక్కడ ఆయన తెలంగాణ నేతల దిష్టి తగిలిందన్నట్టు మాట్లాడారు. అంతే! హైదరాబాద్ నుంచి కౌంటర్లు, క్షమాపణ డిమాండ్లు, సినిమాలు ఆపేస్తామనే హెచ్చరికలు. రోజుల తరబడి డిబేట్లు. దిష్టి మీద ఎంతసేపు మాట్లాడారో, డ్రెయిన్ మీద అందులో పదో వంతైనా మాట్లాడారా?

క్యాలెండర్ చెబుతున్నది ఏంటి?

ఈ ఏళ్లన్నీ పక్కపక్కన పెడితే ఒక ప్యాటర్న్ కనిపిస్తుంది. మీడియం మారింది. రేడియో, పేపరు, దూరదర్శన్, శాటిలైట్ చానల్, ఫోన్. వేగం పెరిగింది. కానీ కోనసీమను వార్తగా మార్చే ముడిసరుకు మారలేదు. మంట, నీరు, గొడవ, సినిమా.. అంతే.

ఇక వార్త కానివి చూడండి. పైపులో తేమ. డ్రెయిన్‌లో పూడిక. గట్టు మీద బలహీనపడిన చోటు. కొబ్బరి రేటు. కాలనీకీ, ఊరికీ మధ్య దూరం. 1986 వరదకైనా, 2011 క్రాప్ హాలిడేకైనా, 2014 పేలుడుకైనా, 2025లో ఎండిన తోటలకైనా మూలం ఇలాంటి వాటిలోనే ఉంది. ఇవన్నీ నిదానంగా జరిగేవి. నిదానంగా జరిగేదాన్ని ఆపడం చవక, పేలిపోయాక ఆర్పడం ఖరీదు. 25 లక్షల పరిహారం ఇంటికి ఇచ్చేకంటే తేమ తీసే యూనిట్ ముందే పెట్టుకోవడం ఎంత తేలికో లెక్క వేయడానికి ఆర్థికవేత్త అక్కర్లేదు.

ఇరుసుమండ మంట ఆరింది. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్నలు చాలా సింపుల్. ఈ ప్రాంతంలో ఏ బావి, ఏ పైపు వయసెంత? చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు? ఆ రిపోర్టు పంచాయతీ ఆఫీసు గోడ మీద జనానికి కనిపించేలా ఉందా? వాసన వస్తోందని ఎవరైనా ఫోన్ చేస్తే ఎంతసేపట్లో మనిషి వస్తాడు? శంకరగుప్తం డ్రెయిన్ పని ఎంతవరకు వచ్చింది? వానాకాలం లోపు ఏ గట్టు బాగు చేస్తారు?

వీటికి సమాధానాలు దొరికిన ఏడాదికి హెడ్‌లైన్ ఉండకపోవచ్చు. క్యాలెండర్‌లో ఆ ఏడాది ఖాళీగానే కనిపిస్తుంది. కోనసీమకు కావాల్సింది అలాంటి ఖాళీ ఏడాదే.